చిన్నది ఒప్పుకోలేదు

సింహాద్రి అప్పన్న మీద ఒట్టు. ఆయన ఒక్కడూ చాలడంటే మా అమ్మ మీద, నా మోటారు సైకిలు మీద, ఇన్నేళ్ళుగా నాకు అన్నం పెడుతున్న సంచి మీద ఒట్టు. ఇక్కడ రాసే ప్రతి ముక్కా నిజం. విశాఖ మద్దిలపాలెంలో నన్నెరిగినవాళ్ళు ఈ వాక్యం దగ్గరే నవ్వుకుని టీ తాగడానికి లేస్తారని తెలుసు. లేవనివ్వండి. మిగిలినవాళ్ళకు చెబుతాను.

నేను అమ్మేది దారం. చీరలకూ చొక్కాలకూ వేసేది కాదు, మనుషులకు వేసేది. ఆపరేషన్ అయ్యాక డాక్టర్లు కోసిన చోట కుట్లు వేస్తారు చూడండి, ఆ దారం. కొన్ని ఒంట్లోనే కరిగిపోతాయి. కొన్ని కరగవు, గాయం మానాక తీయాలి. సంచి భుజాన వేసుకుని డాక్టర్ల గదుల బయట బెంచీల మీద కూర్చోవడం నా ఉద్యోగం. కూర్చున్నంతసేపూ పక్కవాళ్ళకు కథలల్లి చెప్పడం నా జబ్బు. ఆ జబ్బు వల్లే ఆమెతో పరిచయం.

ఆమె పసిపిల్లలకు ఆపరేషన్లు చేసే డాక్టరు. పేరు రాయను. తలుపు మీద పేరు పెద్ద అక్షరాల్లో ఉన్నా ఎవరూ ఆ పేరుతో పిలవలేదు, అందరికీ పిల్లల మేడమే. మొన్నీమధ్యే పోయింది. రిటైరై, మోకాళ్ళ నొప్పులతో, కాస్త ముక్కోపంతో, పెద్దగా ఎవరికీ చెప్పకుండా పోయింది.

ఆమె గది కిటికీ పోర్టు వైపు ఉండేది. ఎన్నిసార్లు తుడిచినా బల్ల మీద నల్లటి ధూళి పేరుకునేది. ఎవరైనా లోపలికి రాగానే చూపుడు వేలితో బల్ల మీద ఒక గీత గీసి, ఆ వేలు వాళ్ళకు చూపించి, "చూశారా, పోర్టు వచ్చి కూర్చుంది" అనేది. ముందు పోర్టును కుర్చీలోంచి లేపి అప్పుడు మనల్ని కూర్చోబెడుతున్నట్టుండేది.

ఇంకో అలవాటు ఉండేది. సొరుగు పిడికి ఎప్పుడూ ఒక దారం వేలాడుతుండేది. ఆపరేషన్ థియేటర్లో మిగిలిన ముక్కలు తెచ్చుకుని, మాట్లాడుతూ మాట్లాడుతూ ఎడం చేత్తో ఆ పిడికి ముడులు వేసేది. కళ్ళు మన మీద ఉండేవి, వేళ్ళు తమ పని తాము చేసుకునేవి. ముడి మీద ముడి పడి ఆ పిడి జడలా లావెక్కిపోయింది. చేతికి అలవాటు తప్పకుండా ఉండాలంటే అలా చేస్తారట. కానీ నాకు ఆ దారం ఇంకోలా పనికొచ్చేది. నేను నిజం చెబుతున్నంతసేపూ ముడులు పడుతూనే ఉండేవి. కల్పించిన చోట చెయ్యి ఆగేది.

"ఏమయ్యా దారాలూ, ఓ అబద్ధం చెప్పి పో" అనేది నన్ను చూడగానే. దారం కొనేది అబద్ధం విన్నాకే.

ఒకసారి చెప్పాను. ఫిషింగ్ హార్బర్లో ఒక సూరచేప కడుపు కోస్తే సెల్‌ఫోను దొరికిందనీ, అది మోగుతోందనీ, ఎత్తితే అవతల ఎవరో కెప్టెను గారి భార్య "భోజనానికి ఎప్పుడొస్తారు, అన్నం చల్లారిపోతోంది" అందనీ. ఆమె ముడి సగంలో ఆగింది.

"చేప నిజం. ఫోనూ నిజమే అయ్యుంటుంది. మోగడం నీ సరుకు."

"మరి కెప్టెను గారి భార్యో మేడమ్?"

"ఆవిడ నిజమేలే. అలా అన్నం పెట్టుకుని కూర్చున్న ఆవిడ ఎక్కడో ఒకచోట ఉండే ఉంటుంది."

ఎప్పుడూ ఇదే ప్రశ్న. "ఇందులో నీ సరుకేది?" దాచడానికి చూసేవాణ్ణి. దాగేది కాదు. ఆ పట్టుకోవడంలో ఆమెకు ఎంత ఆనందమో, పట్టుబడడంలో నాకు అంతకన్నా ఎక్కువ.

అయితే ఒక హద్దు గీసింది. "ఈ గదిలో ఎన్నయినా చెప్పు. బయట బెంచీ మీద కూర్చున్న తల్లికి మాత్రం ఒక్కటి కూడా చెప్పకు. ఇది అబద్ధమని నాకు తెలుసు కనక కథ. ఆవిడకు తెలియదు కనక మోసం." అప్పట్నుంచి వార్డు బెంచీల మీద నేను నోరు మూసుకునే కూర్చున్నాను. నాకది ఎంత కష్టమో నన్నెరిగినవాళ్ళకు తెలుస్తుంది.

పసిపిల్లల్ని ముట్టుకునే ముందు వాళ్ళను అడిగేది. కళ్ళు కూడా తెరవని గుడ్డుకైనా సరే, చెవి దగ్గరికి వంగి, "అమ్మలూ, ముట్టుకుంటున్నాను" అనేది. కాసేపు ఆగేది, జవాబు కోసం చూస్తున్నట్టు. కొత్తగా వచ్చిన నర్సులు నవ్వుకునేవారు. కొన్నాళ్ళకు వాళ్ళూ అడగడం మొదలుపెట్టేవారు.

ఆ పిల్లలు వచ్చినప్పుడు రెండుసార్లు అడిగింది.

వాళ్ళను భీమిలి నుంచి తెచ్చారు. సముద్రం ఒడ్డు పేట. తండ్రి హార్బరు బోట్ల మీద వేటకు పోతాడు. నానమ్మ తట్ట నెత్తిన పెట్టుకుని వీధుల్లో చేపలమ్ముతుంది. తల్లికి కాన్పు కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. ఇద్దరాడపిల్లలు, ఛాతీ నుంచి బొడ్డు దాకా అతుక్కుని పుట్టారు. మొహాలు ఎదురెదురుగా, ఒకదాని ఊపిరి ఇంకోదాని బుగ్గకు తగిలేలా. జూనియర్ డాక్టరొకతను "మేడమ్, ఆ కేసు వచ్చింది" అన్నాడు. "ఏ కేసు? ఇద్దరొచ్చారు" అంది ఆమె. వంగి ఒక చెవిలో అడిగింది. తల తిప్పి రెండో చెవిలో అడిగింది. ఒకతి ఆవులించింది, ఒకతి ఏడ్చింది.

"ఇందులో పెద్దదెవరమ్మా?" అనడిగింది నానమ్మను.

"ముందు ఏడిసింది పెద్దది. ఇది సిన్నది. దీనికింకా ఏడవడం సరిగ్గా రాదు."

పరీక్షలన్నీ అయ్యాక ఒకరోజు నా దారం డబ్బా వెనక గీసి చూపించింది. పెద్దదాని గుండె మంచిది. చిన్నదానిది పేరుకే గుండె. అక్క గుండె కొట్టే నెత్తురుతోనే చెల్లెలు కూడా బతుకుతోంది. ఒక్క పసి గుండె రెండు ఒళ్ళను ఎక్కువకాలం లాగలేదు. అలా వదిలేస్తే కొన్ని నెలల్లో ఇద్దరూ పోతారు. విడదీస్తే పెద్దది దక్కవచ్చు. చిన్నది మాత్రం ఆపరేషన్ బల్ల మీదే పోతుంది.

"ఇది నీ కథయితే ఎలా ముగిస్తావు?" అంది.

"ఇద్దర్నీ బతికిస్తాను మేడమ్."

"అందుకే నువ్వు దారం అమ్ముకుంటున్నావు" అంది. ముడి మాత్రం ఆపలేదు.

ఇక్కడ మా వైపు ఆచారం ఒకటి చెప్పాలి. విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం ఊళ్ళలో తవిటయ్యలూ తవిటమ్మలూ తవిటినాయుళ్ళూ ఎందుకింతమంది ఉన్నారో బయటివాళ్ళకు తెలియదు. నిలుస్తుందన్న నమ్మకం లేని బిడ్డ పుడితే, గుప్పెడు తవుడు తీసుకుని ఆ బిడ్డను వేరేవాళ్ళకు అమ్మేస్తారు. ఉత్తినే, పేరుకి. బిడ్డ మన చేతుల్లోనే ఉంటుంది, మన పాలే తాగుతుంది. కానీ చావు వచ్చి ఈ ఇంటి బిడ్డ ఏదని అడిగితే, ఈ ఇంట్లో ఎవరూ లేరు, ఉన్నది వేరేవాళ్ళ బిడ్డ అని చెప్పుకోవడానికి. కొన్నవాళ్ళు దానికి అమ్మానాన్నల లెక్క. బిడ్డకు తవుడు పేరే పెడతారు.

ఒకరోజు ఆ నానమ్మ వార్డు వసారాలో మేడమ్‌కు అడ్డం నిలబడింది. నేను సంచితో పక్కనే ఉన్నాను.

"అమ్మా, నాను సెప్పీది ఇను. సిన్నదాన్ని నువ్వు కొనుక్కో. గుప్పెడు తవుడు సాలు."

"ఒకదాన్నే ఎలా అమ్ముతావమ్మా? రెండూ అతుక్కుని ఉన్నాయి కదా."

"అతుక్కునుంటే ఒకటైపోనాయేటి? రెండు మూతులతో పాలు తాగతన్నాయి నువ్వు సూళ్ళేదా? పెద్దది మాదే. సిన్నదాన్నే అమ్ముతన్నాను."

"అది కుదరదమ్మా. ఒకదాన్ని నేను కొనుక్కుంటే రెండోదానికి నేను డాక్టర్నెలా అవుతాను?"

"దీనికి డాక్టరు సాలదు. అమ్మ గావాల. నీ సేతిలో కత్తి ఉంతాది గదా. అమ్మవైతే ఆ సెయ్యి కూసింత ఆలోసిస్తాది."

మేడమ్ నా సంచిలోంచి ఖాళీ దారం డబ్బా ఒకటి లాక్కుని, తెల్లకోటుతోనే రోడ్డు దాటి వెళ్ళింది. అవతల గుడి ముందు ఆవులకు పెట్టడానికి గడ్డీ తవుడూ అమ్మే ఆవిడ కూర్చుంటుంది. డబ్బాలో తవుడు పోయించుకుని తిరిగొచ్చి ముసలమ్మ కొంగులో ఒంపింది. ముసలమ్మ కొంగు ముడేసుకుని, "ఇంకది తవిటమ్మ. మాది గాదు" అంది. అని వెనక్కి తిరిగి కళ్ళు తుడుచుకుంది.

ఆ తర్వాత తల్లిని అడగాల్సి వచ్చింది. తండ్రి వేట నుంచి వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. తల్లి మంచం మీద పిల్లలకు పాలిస్తోంది. ఒకదానికి ఇస్తుంటే రెండోది కూడా ఊగుతోంది. మేడమ్ పక్కన కూర్చుని జరగబోయేదంతా దాచకుండా చెప్పింది.

"రెండూ నావే" అంది తల్లి. "ఏది గావాలని అడగతన్నావా అమ్మా?"

"ఏది కావాలని అడగను తల్లీ. అది ఎవరూ ఎవర్నీ అడక్కూడదు. ఒక్కదాన్నయినా నిలబెట్టడానికి చూడమంటావా, వద్దంటావా, అదొక్కటే."

ఆ అమ్మాయి చిన్నదాని చెవి అరచేత్తో మూసి, "ఇక్కడ సెప్పను. ఇంటాది" అంది.

పిల్లల్ని అత్తగారి ఒళ్ళో పెట్టి, పొట్ట పట్టుకుని నెమ్మదిగా లేచి, వసారా చివరిదాకా నడిచింది. పోర్టులో ఏదో ఓడ కూత వేస్తోంది. ఆ కూత అయ్యేదాకా ఆగి తలూపింది. నోటితో ఒక్క మాట కూడా అనలేదు. అనకపోయినా చాలని మేడమ్ అంది.

ఇక ఊపాల్సిన తల ఒకటే మిగిలింది.

ఆ మధ్యాహ్నం ఓపీ అయిపోయాక ఆమె గది తలుపు ఓరగా ఉంది. నేను బయట బెంచీ మీద ఉన్నాను. లోపల మాటలు వినబడితే తొంగి చూశాను. ఆమె ఒక్కతే ఉంది. బల్లకు ఇటు తన కుర్చీ, అటు వచ్చినవాళ్ళు కూర్చునే కుర్చీ. తన కుర్చీలో కూర్చుని పెద్దదాని తరఫున మాట్లాడింది. లేచి వెళ్ళి అటు కుర్చీలో కూర్చుని చిన్నదాని తరఫున జవాబు చెప్పింది. మళ్ళీ ఇటు. మళ్ళీ అటు.

ఇటు నుంచి: "నా గుండె అలిసిపోతోంది. ఇద్దరికీ కొట్టలేదు."

అటు నుంచి: "నేనేం చేశాను? అమ్మ కడుపులో ఎక్కడ పెడితే అక్కడే ఉన్నాను. ఉండడం తప్పా?"

"తప్పని ఎవరూ అనలేదు. కానీ నువ్వెలాగూ ఎక్కువ రోజులుండవు."

"ఎలాగూ పోయేవాళ్ళే కదా అందరూ. మీ వార్డులో ఇంకెవర్నయినా అలా అనుకుని ముందే పంపారా?"

"నువ్వుంటే ఇద్దరూ పోతారు."

"అయితే అది అక్క బాధ. నా దగ్గరికొచ్చి ఒప్పుకోమంటారేం? పాలు తాగుతున్నాను. వెచ్చగా ఉంది. దాని ఊపిరి నా బుగ్గకు తగులుతోంది. ఇదంతా వదులుకోమని నన్నడిగి, నేను సరేనన్నానని చెప్పుకుని మీరు నిద్రపోవాలా?"

సొరుగు పిడికి ముడి పడలేదు. చివరికి తన కుర్చీలో కూర్చునే అంది:

"సరే. చిన్నది ఒప్పుకోలేదు. అయినా చేస్తాను. చేసేది నేను. అది ఒప్పుకుందని మాత్రం ఎవరూ ఎక్కడా చెప్పకూడదు."

ఆపరేషన్ పొద్దున్న మొదలైంది. గుండె డాక్టర్లు వేరే ఊరి నుంచి వచ్చారు. థియేటర్లోకి తీసుకెళ్ళేటప్పుడు ఆమె వంగి ఇద్దర్నీ అడిగింది, విడివిడిగా. పెద్దది కాళ్ళు కొట్టుకుంది. చిన్నది నిద్రపోతోంది. నిద్రపోతున్నదాన్ని ఇంకోసారి అడిగింది. తర్వాత తలుపులు మూసుకున్నాయి.

అనుకున్నదే జరిగింది. పెద్దది దక్కింది. చిన్నది పోయింది. పోయాక కూడా చిన్నదాని ఒంటి మీద కోసిన చోటంతా తనే కూర్చుని కుట్లు వేసిందట. జూనియర్లు వేస్తామంటే ఇవ్వలేదట. కరిగే దారమే అడిగిందట. తీయడానికి ఎవరూ ఉండరు కదా అని.

బయటికొచ్చేసరికి విలేకరులు కెమెరాలతో ఉన్నారు. పెద్ద డాక్టరొకాయన అప్పటికే చెబుతున్నాడు, చెల్లెలు అక్క కోసం చేసిన త్యాగం అని. మేడమ్ ఆయన పక్కనే నిలబడి, గొంతు పెంచకుండా, "అది ఏమీ ఇవ్వలేదండీ. మేం తీసుకున్నాం. అలాగే రాసుకోండి" అంది. ఎవరూ అలా రాయలేదు. మర్నాడు పేపర్లన్నింట్లోనూ త్యాగమే.

"ఒక్క మాటకి ఎందుకు మేడమ్ అంత పట్టింపు?" అనడిగాను. "విన్నవాళ్ళకు కాస్త హాయిగా ఉంటుంది కదా."

"వినేవాళ్ళకు హాయి. మోసేదెవరు?" అంది. "పెద్దది పెరుగుతుంది. చెల్లెలు ప్రాణమిచ్చిందని ప్రతివాడూ చెబుతాడు. పరీక్ష తప్పినా, అబద్ధం ఆడినా, పక్కింటి పిల్లతో పోట్లాడినా, ఇందుకేనా అది ప్రాణమిచ్చిందని అడుగుతారు. తీసుకున్నది నేను. బరువేదైనా ఉంటే నా దగ్గరుండాలి. దాని మీద పెట్టడం ఏం న్యాయం?" మళ్ళీ, "నువ్వు ఎన్ని సరుకులు కలిపినా ఇది కలపకు" అంది.

చిన్నదాన్ని భీమిలి ఒడ్డున, పేట వెనక ఇసుకదిబ్బల అవతల పెట్టారు. కొన్నవాళ్ళే ముందు మన్ను వెయ్యాలని నానమ్మ పట్టుబట్టింది. మేడమ్ చెప్పులు విప్పి ముందుకొచ్చి గుప్పెడు ఇసుక వేసింది. గాలికి సగం ఎగిరిపోయింది. ఇంకో గుప్పెడు వేసింది.

ఇదంతా జరిగి చాలా ఏళ్ళయింది. ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, ఆమె పోయాక ఆసుపత్రిలో సంతాప సభ పెట్టారు. ఫోటోకు చామంతుల దండ. ముందు వరసలో భీమిలి నుంచి వచ్చిన నానమ్మ, పక్కన స్కూలు యూనిఫాంలో పెద్దది. దాని పేరు పైడితల్లి. ఎత్తుగా, సన్నగా, అరచేతుల మీద గోరింటాకు మరకలతో, చూసేవాళ్ళకు అందరి పిల్లల్లాగే ఉంటుంది. వేదిక మీద ఒకాయన మాట్లాడుతూ, "ఆ పసికందు తన ప్రాణాన్ని అక్కకు కానుకగా ఇచ్చింది, ఇదిగో ఆ అక్క మన మధ్యనే ఉంది" అని దాని వైపు చెయ్యి చూపాడు. అందరూ చప్పట్లు కొట్టారు. పిల్ల లేచి నిలబడాలో కూర్చోవాలో తెలియక సగం లేచి అలాగే ఉండిపోయింది.

ఇన్నేళ్ళలో ఎవడైనా అబద్ధమాడుతుంటే నాకు కోపం రావడం అదే మొదటిసారి. వృత్తిలో ఉన్నవాణ్ణి, మామూలుగా మెచ్చుకుంటాను.

సభ అయ్యాక వసారాలో మంచినీళ్ళ కుళాయి దగ్గరికి అది వచ్చింది. నన్ను అది సిన్నాన్న అంటుంది. ఎందుకంటుందో తర్వాత చెబుతాను.

"సిన్నాన్నా, ఆ సారు సెప్పింది నిజవేనేటి? సెల్లి నిజంగా ఇచ్చీసిందా?"

ఆమె గీసిన హద్దు గుర్తొచ్చింది. అడుగుతున్నది ఏది నిజమో తెలియని పిల్ల.

"లేదమ్మా" అన్నాను. "అది ఇవ్వలేదు. దానికి ఇష్టం లేదు. మేడమ్ తీసుకుంది."

"మేడమ్ తప్పు సేసినాదా?"

"అది మేడమ్‌కే తెలీదు. చివరిదాకా ఆలోచిస్తూనే ఉంది."

పిల్ల గ్లాసు నింపుకుని తాగి, మళ్ళీ నింపుకుంది. నీళ్ళలోకి చూస్తూ అడిగింది.

"ఐతే నాను తిరిగి ఏటీ ఇవ్వక్కర్లేదా?"

"అక్కర్లేదు."

"మా నానమ్మ అడిగినా?"

"ఎవరడిగినా."

అది గ్లాసు కడిగి బోర్లించి, నానమ్మ దగ్గరికి పరిగెత్తింది. సమోసాల పళ్ళెం చుట్టూ పిల్లలు మూగారు. అక్కడ ఒకడితో వెంటనే పోట్లాట పెట్టుకుంది. నాకు కడుపు నిండినట్టయింది.

ఇక చెప్పాల్సింది ఉంది. మేడమ్ ఉంటే ఈపాటికి చెయ్యి ఆపేసి, పిడి వైపు చూడకుండా అడిగేది. ఇందులో నీ సరుకేది?

ఒక్కటే మేడమ్. మీరు తవుడు కొనలేదు.

మీరు కాదన్నదాకా నిజం. ఒకదాన్ని కొంటే రెండోదానికి డాక్టర్నెలా అవుతానన్న మాటా మీదే. ఆ మాట మీద మీరు నిలబడ్డారు. ముసలమ్మ అటూ ఇటూ చూసింది. పక్కన సంచి పట్టుకుని ఖాళీగా నిలబడ్డది నేనొక్కణ్ణే. "నువ్వయినా కొనుక్కో కొడకా. నీకు గుంటలున్నారేటి?" అంది. పిల్లలు లేరన్నాను. ఖాళీ డబ్బా నాదని ముందే రాశాను, కల్పించేటప్పుడు నిజం ముక్క ఒకటి లోపల ఉంచడం నా పద్ధతి. రోడ్డు దాటింది నేను. తవుడు తెచ్చి కొంగులో ఒంపింది నేను. ఆ రోజు ఇంటికెళ్ళి మనకో కూతురని చెబితే, మా ఆవిడ ఇంకో కథ అనుకుని నవ్వింది. నా అరచేతి గీతల్లో తవుడు చూసి నవ్వడం ఆపింది.

ఆ మధ్యాహ్నం మీరు కుర్చీలు మారలేదు. మీ కుర్చీలోనే ఉన్నారు. నన్ను లోపలికి పిలిచి, "కొనుక్కున్నావుగా, కూర్చో. దాని తరఫున మాట్లాడు. లేని గొంతులతో మాట్లాడడం నీకు అలవాటే" అన్నారు. కథల్లో చేప కడుపులో ఫోన్లు మోగించినవాణ్ణి, ఆ కుర్చీలో కూర్చున్నాక నాకు ఒక్క కథా తోచలేదు. పాలు, వెచ్చదనం, బుగ్గకు తగిలే ఊపిరి, అవి నేను అల్లినవి కావు. నోట్లోకి వచ్చాయి. ఒప్పుకోనన్నది నేనే. ఆ ఒడ్డున ముందు ఇసుక వేసిందీ నేనే. మీరు చెప్పులు చేత్తో పట్టుకుని దూరంగా నిలబడ్డారు.

నా వంతు మీ మీద పెట్టడానికి కారణం పెద్దగా ఏమీ లేదు. వ్యక్తిచిత్రం మీది, అందులో నేను ఎక్కువసేపు కనబడడం బాగోదనుకున్నాను. ఇంకోటి, తవిటమ్మ నా కూతురని రాస్తే నన్నెరిగినవాళ్ళెవరూ నమ్మరు.

పైడితల్లి నన్ను సిన్నాన్న అనేది అందుకే, దాని చెల్లెలికి నాన్నని కనక. అది బస్సు దిగి పరిగెత్తుకొస్తుంటే నాకు ఎంత బాగుంటుందో చెప్పలేను. మీరు చేసింది చూడండి మేడమ్, ఎంత ఎత్తు పెరిగిందో అనుకుంటాను. అనుకుంటూనే చిన్నదాని తరఫున ఆ కుర్చీలో ఇంకా కూర్చునే ఉన్నాను.

ఒప్పుకోలేదు. మీరు చెప్పమన్నది కూడా అదే కదా.